అంకె చెప్పాక

వెర్డెల్ గాస్కిన్స్ నాకు నేర్పిన మొదటి పాఠం:
అంకె చెప్పు. చెప్పి నోరు మూసుకో.
ముందు ఎవరు మాట్లాడితే వాళ్ళు ఓడినట్టు.

టొలీడోలో, మూతబడ్డ చెప్పుల దుకాణం మీది గదిలో
ఇద్దరికీ ఒకటే హీటరు. అది ఆమె కాళ్ళ దగ్గర.
ఫిబ్రవరిలో నేను చేతితొడుగులతోనే కార్డులు తిప్పేదాన్ని.
ఏడు వేల మూడు వందల కార్డులు.
పేరు, భార్య పేరు, కుక్క పేరు,
పోయినసారి ఎంత ఇచ్చాడు,
ఎవరి ఊసెత్తితే మొహం మాడ్చుకుంటాడు.
పళ్ళ డాక్టరు సోబ్‌చాక్‌కి భోజనానికి ముందే ఫోను చెయ్యాలి,
కడుపు నిండితే ఆయన పిడికిలి బిగుస్తుంది.
హెల్మ్‌బ్రెక్ట్ గారిని ముందు గులాబీల సంగతి అడగాలి.

అడగనిదే అమ్మయినా పెట్టదంటారే,
ఆ సామెతకి కాళ్ళొచ్చి నడిస్తే వెర్డెల్.
భుజానికీ చెవికీ మధ్య ఫోను,
ఒంటిచేత్తో ఉడికిన గుడ్డు వొలిచేది,
పెంకు ఊడేలోగా ఐదువేల డాలర్లు.
ఇరవై రెండేళ్ళు. ముగ్గురు మేయర్లు.
చివరికి ఆ మనిషి.

గెలిచిన రాత్రి బెలూన్లు మేమే ఊదాం.
వసంతం రాకముందే ఆయన ఒక కాగితం మీద సంతకం పెట్టాడు:
పద్నాలుగు పోలింగు కేంద్రాల మూత, పొదుపు కోసమట.
అందులో డార్ వీధి చర్చి నేలమాళిగ ఒకటి.
వెర్డెల్ ఆ కాగితం చదివింది. నేనూ చదివాను.
ఇద్దరం మళ్ళీ ఫోన్లెత్తాం.
ఇది దాచను.

రెండేళ్ళకి, నవంబరులో,
ఆమె తల్లి ఒజెల్లా రెండు బస్సులు మారి
కొత్త చోటికి వెళ్ళింది, ఉదయం పదకొండుకి.
వరస కదిలి కదిలి ఆమె దాకా వస్తే
పుస్తకంలో పేరు లేదు.
ఇంకో బల్ల దగ్గరికి, ఇంకో వరస, వాన,
ఏడున్నరకి తలుపు.
ఇంటికొచ్చి ఉప్పునీళ్ళలో పాదాలు పెట్టుకుని
కూతురికి ఫోను చేసింది:
'నీవాడు గెలిచాడా?'

గెలిచాడు.
ఆ రాత్రి వెర్డెల్ లెక్క కట్టింది,
వసూలు చేసిన మొత్తాన్ని పద్నాలుగుతో భాగించి
ఒక్కో తాళం ఎంతకి పడిందో.
ఆ అంకె నాకు చెప్పి నోరు మూసుకుంది.

సోమవారం కార్డులన్నీ బోర్లా తిప్పాం.
వెనకవైపు ఖాళీయే కదా.
పేరు, వీధి, ఎన్ని గంటలు నిలబడ్డారు,
ఏమని వెనక్కి పంపారు.
మొదటి ఫోనుకి ఆమెకి గొంతు పెగల్లేదు,
అడగడానికి డబ్బు లేకపోతే
ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

సోబ్‌చాక్ ఫోను పెట్టేశాడు.
హెల్మ్‌బ్రెక్ట్ గారు వంద డాలర్ల చెక్కు పంపి
బ్యాంకుకి చేరేలోగా ఆపించింది.
చర్చి మీటింగులో, బస్సు డ్రైవరుగా రిటైరైన క్లియోటిస్ యార్‌బ్రో
అందరిముందూ లేచి నిలబడ్డాడు:
'వాణ్ణి మా నెత్తికెక్కించింది నువ్వే కదమ్మా.'
'అవును,' అంది.
ఇంకేమైనా అంటుందేమోనని చూశాడు.
అనలేదు.
కాసేపటికి ఆయనే కూర్చుని తన పేరు రాయించుకున్నాడు.
వాంగ్మూలాలు ఇవ్వడానికి వచ్చేవాళ్ళ కుర్చీ కిందికి
హీటరు ఎప్పుడు జరిగిందో నేను చూడలేదు.

కొలంబస్‌లో విచారణ.
నున్నటి బల్లకి అవతల ఎన్నికల అధికారి,
ఇవతల చెప్పుల అట్టపెట్టెల్లో మా కార్డులు.
'ఎన్ని పేర్లు కొట్టేశారు? అంకె చెప్పండి.'
అని ఊరుకుంది.
ఆయన నీళ్ళు తాగాడు. లాయరు వైపు చూశాడు.
గోడలో ఆవిరి గొట్టం టిక్కుటిక్కుమంది.
నేను నలభై ఏడు దాకా లెక్కపెట్టాను.
'సుమారుగా...' అన్నాడాయన.

సుమారుగా అనే పేరుగల మనిషి
మా పెట్టెల్లో లేడు.
వెర్డెల్ మొదటి కార్డు తీసి చదవడం మొదలుపెట్టింది.

పద్నాలుగులో మూడు తెరిచారు.
ఒజెల్లాది తెరవలేదు.
తిరుగుదారిలో కారాపి
వెర్డెల్ గుడ్డు వొలిచింది, ఈసారి రెండు చేతులతో,
సగం నాకిచ్చింది.
ఉప్పు మరిచిపోయాం.