పదిహేడు చుక్కలు

కడపలో ఎర్రముక్కపల్లె సర్కిల్ కాడ
మందుల షాపు పైన, రెండో అంతస్తులో
నా పని చుక్కలు పెట్టడం.
నవ్వొద్దు, నెలకు పదకొండు వేలు ఇస్తారు.

ఎర్రగుంట్ల అవతల బండల పాలిష్ ఫ్యాక్టరీ,
గోడకు బిగించిన కెమెరా.
అది పగలంతా తీసిన వీడియో
సెకనుకు పది బొమ్మలుగా తెగి నా ముందుకొస్తుంది.
ఒక్కో మనిషికి పదిహేడు:
భుజాలు, మోచేతులు, మణికట్లు,
తుంట్లు, మోకాళ్లు, చీలమండలు, అవి పన్నెండు.
తక్కిన ఐదూ ముఖానికి.
ముఖాలేమో మసక చేసి పంపుతారు
ఎవురూ గుర్తుపట్టకూడదని.
ఆ మసక మీదే ముక్కు పెడతా,
రెండు కండ్లు, రెండు చెవులు పెడతా.

కనబడితే రెండు.
కనబడకున్నా ఉంటుందని తెలిస్తే ఒకటి.
అసలుకే లేకపోతే సున్నా.
మొదటి వారం సున్నాతో పని పడలేదు.
తర్వాత కోత మిషన్ కాడికి ఒకాయన వచ్చినాడు
చొక్కా చెయ్యి మోచేతి కింద ముడేసుకోని.
కుడి మణికట్టు: సున్నా.
ఆ మధ్యాన్నం క్యారియర్ విప్పలేదు నేను.

చుక్కలు నాకు కొత్తేం కాదు.
ముగ్గులో ఒకటి తప్పితే కాలితో చెరిపి మళ్లీ పెట్టేదాన్ని.
ఈడ తప్పితే జీతంలో కోత.
మనం పెట్టింది చూసి మిషన్ నేర్చుకుంటుందంట,
ఎవురు ఎంత వంగితే ఎంత చేటో
పచ్చ, పసుపు, ఎరుపుల్లో చెప్తుందంట.
"వీపుకు చుక్క లేదే సార్?" అన్నా.
"భుజాల నుంచి తుంట్లకు గీత పోతుంది కదమ్మా,
అదే వీపు" అన్నాడు.

ఆ గీత ఎప్పుడు చూసినా తిన్నగానే ఉంటుంది,
స్కేలు పెట్టి కొట్టినట్టు,
బండ ఎత్తేటప్పుడు కూడా.

మూడో మనిషి అని ఒకామె.
ఎడమ భుజం కుడిదాని కన్నా
పదకొండు పిక్సెళ్లు కిందికి.
వంగే ముందు మోకాలిని అరచేత్తో రెండుసార్లు తడుతుంది,
మొండికేసిన ఎద్దును బుజ్జగించినట్టు.

ఆదివారం ప్రొద్దుటూరు పోతా
ఎర్రగుంట్లలో బస్సు దిగినా.
సోడా బండి కాడ ఎవురో, నాకు వీపు చేసి.
ఎడమ భుజం కిందికి.
అరుగు మీద కూర్చోబోతా మోకాలిని తట్టింది,
ఒకటి, రెండు.
నా గుండె దడదడ.
పేరు తెలియని మనిషి మోకాలిని
ఎన్ని వేలసార్లు ముట్టుకున్నానో.

తిరిగింది. ముఖం ఉంది.
ముక్కు నేను పెట్టినకాడ లేదు,
కొంచెం పక్కకు, ముక్కుపుడక వైపు.
"ఏం పాపా, అట్ల సూస్తాండావ్? యా ఊరు?"
"కడప."
ఆపైన ఏం చెప్పాల్నో తెలీక
"నొప్పి యాడక్కా?" అనేసినా.

ఎవురు నువ్వని అడగలేదు.
నా చెయ్యి పట్టుకోని కొంగు కిందికి తీసుకపోయి
నడుముకు జానెడు పైన ఆనించుకుంది.
"ఈడ. రేయంతా ఈడ."
చెమట. ఎముక. ఎముక పక్కన ఒక గుంత.
బస్సు హారన్ కొట్టింది.
పేరు అడగనే లేదు.

సోమవారం ఫైలు తెరిచినా.
మూడో మనిషి బండ ఎత్తుతాంది.
తిన్నటి గీత మీద జానెడు లెక్కేసి,
బొమ్మలో అది గోరంత కూడా లేదు,
నొక్కినా.
ఈ బిందువుకు పేరు లేదు అని వచ్చింది.
మళ్లీ నొక్కినా.
మళ్లీ అదే.

వెనక నుంచి సారు:
"నిటారుగా కూర్చోమ్మా,
ఈ వయసుకే వీపు పోతుంది."