చీకటికి బాడుగ లేదు

మొదటి రీలు ఎప్పుడో పోయింది.
అందుకని ఆ సినిమాకి పేరు లేదు,
హత్య అయిపోయినాకే కథ మొదలవుతుంది.

గ్రీమ్స్‌పేట అవతల కీతు కొట్టాయి.
నేల టికెట్టు.
ఇసక కుప్ప చేసుకుని కూర్చుంటే
ముందువాడి తల అడ్డం రాదు.
గౌస్ మొహిద్దీన్ మిషను తిప్పితే
కాలే కార్బన్ పుల్లల వాసన, మురుకుల వాసన,
నీవా నది వైపు నుంచి నీళ్ళు లేని గాలి.

దుడ్డు లేని సినిమా అని చూస్తానే తెలిసిపోతుంది.
ఒకే మెట్లు,
హీరో ఇంట్లో ఎక్కుతాయి, దొంగల గుహలో దిగుతాయి.
ఒకే కారు. నెంబరు పలక మార్చినారు,
సొట్ట మార్చలేకపోయినారు.
అర్ధరాత్రి స్మశానంలో
స్టూడియో బయటి కాకి అరుస్తుంది.
డిటెక్టివు టోపీ ఎవరిదో ఏమో,
ఆయన తల తిప్పినాక
అర క్షణం ఆలస్యంగా అదీ తిరుగుతుంది.

కానీ ఆ చీకటి!
లైటుకి బాడుగ కట్టాల, కరెంటుకి కట్టాల,
చీకటికి బాడుగ లేదు గదా.
తెర నిండా పోసినారు,
పెండ్లి పంక్తిలో వద్దన్నా చారు పోసినట్టు.
ఒక్క బల్బు. దాని కింద ఒక చెయ్యి.
ఆ చెయ్యి ఎవరిదో చూపించను ఇంకో లైటు లేదు.
మేము వణికినాం.
వాళ్ళ లేమికి వణికినామని
అప్పుడు తెలియదు.

ఇంతలో శవం వస్తుంది.
శవం మా ఏకాంబరం మామ.
బెల్లం మండీలో కాటా వేసేవాడు.
బెల్లం లారీతో మద్రాసుకి పోయి
మూడు దినాలు కనిపించకుండా పోయి
పదిహేను రూపాయలతో,
గడ్డం కింద ఎండిన పాకంతో వచ్చినాడు.
నెత్తురుకి రంగు కొనే గతి లేదని వాళ్ళు ఏడిస్తే
ఈయనే ఇచ్చినాడంట,
చిత్తూరు నల్లబెల్లం, ఒక దిమ్మ,
నీళ్ళలో కరిగించి.
నలుపు తెలుపులో
పాకానికీ నెత్తురుకీ తేడా ఏముండాది?

తేడా ఈగకి తెలుసు.

డిటెక్టివు వంగి నాడి పట్టుకుంటాడు.
"ప్రాణం పోయి రెండు గంటలైంది" అంటాడు.
అప్పుడే ఈగ వచ్చి పెదవి మీద వాలుతుంది.
పెదవి అదరదు. రెప్ప అదరదు.
తూకం కుదిరిన కాటా ముల్లు మా మామ.
కడుపు మాత్రం
ఒక్కసారి, మెల్లిగా,
లేచి దిగుతుంది.

ఇంకోసారి తీసేదానికి ఫిల్ము లేదు.
అట్నే వదిలేసినారు.

కొట్టాయి మొత్తం లేచి అరిచింది,
"బతికే ఉండాడు రోయ్!"
మునిలక్ష్మత్త దినమూ రెండో ఆటకి వచ్చేది.
మామ పక్కనే కూర్చోనుంటాడు, బీడీ వాసనతో సహా.
అయినా తెర మీద కడుపు కదిలేదాకా
ఆయన చెయ్యి వదిలేది కాదు.

హంతకుడు ఎవరో నాకిప్పుడు గుర్తు లేదు.
డాక్టరే అనుకుంటా, లేకపోతే డాక్టరు తమ్ముడు.
ఇద్దరికీ అదే మీసం.

మండీలో పిల్లోళ్ళు మామ నాడి పట్టుకుని
"రెండు గంటలైంది సార్" అనేవాళ్ళు.
ఆయన రాళ్ళు మారుస్తానే
కడుపు ఒకసారి లేపి దించేవాడు.
నిజంగా పోయిన దినం
పెద్దాసుపత్రి వరండాలో
మండీ వాళ్ళంతా కడుపు వైపే చూస్తా నిలబడినారు.
ఎంతసేపటికీ
పాడె సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు కోట్లు పోసి తీస్తాండారు.
గుండు తోలులోకి దూరేది కూడా చూపిస్తారు.
శవాలు బాగా చచ్చిపోతాయి.
నేను ఆవులిస్తా.

రాత్రి ఒంటిగంటకి సెల్లులో దొరికింది ఆ సినిమా.
ఎవరో ఎక్కించినారు, మొదటి రీలు లేకుండానే.
ఇంట్లో కూడా వాన పడుతున్నట్టు గీతలు.
మెట్లు అవే. కాకి అదే.
ఈగ వచ్చింది.
యాభై ఏండ్లుగా దాన్ని ఎవరూ తోలలేదు.
బొటనవేలితో తోలబోయినాను.

వేలు తగిలి బొమ్మ నిలిచిపోయింది,
ఊపిరి లోపలికి తీసుకున్న కాడ.

ఇంకా తాకలేదు నేను.
కాసేపటికి సెల్లు దానంతట అదే
చీకటి పడుతుంది.