బ్లాంకు

సముద్రపు మట్టికడ్డీని
మునగకాయ చీల్చినట్టు నిలువునా చీల్చాం.
మూడు వేల మీటర్ల నీళ్ళ కింద
వెలుతురు ఎరగని బంగాళాఖాతపు అడుగు.
బూడిద రంగు, పైన కాస్త గోధుమ.
వేలితో తాకితే సున్నిపిండంత మెత్తన.
నీదే ఊరు అంటే చెప్పదు.

చెప్పించాలంటే
ఆమ్లంలో కరిగించాలి, ఎండబెట్టాలి, మళ్ళీ కరిగించాలి,
స్ట్రాన్షియాన్నీ నియోడిమియాన్నీ
బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరాలి.
బరువు అణువులెన్ని, తేలికవెన్ని?
ఎంత దూరం కొట్టుకుపోయినా
రాయి మరిచిపోనిది ఆ లెక్కొక్కటే.
హిమాలయానిదైతే ఒక అంకె,
దక్కను నల్లరాతిదైతే ఇంకొకటి.
కృష్ణది ఎంతో తెలియాలంటే
కృష్ణ దగ్గరికే రావాలి.

ఆగస్టులో బెజవాడ వచ్చాను.
బ్యారేజీకి ఎగువన, భవానీ ద్వీపం ఓరన పడవ,
పడవ మీద కొక్కిలిగడ్డ నాంచారయ్య.
ఇల్లు కృష్ణలంకలో.
గోడ కట్టకముందు ప్రతి వరదకీ
మంచం మీద మంచం ఎక్కించుకున్న ఇల్లు.

"మట్టిక్కూడా గోత్రం అడుగుతారా అమ్మా?"
అడుగుతాం, ప్రవరతో సహా, అన్నాను.
నవ్వలేదు.
ఊపిరి బిగబట్టి మునిగి
గుప్పిటతో లేచాడు.
రెండు వేళ్ళ మధ్య నలిపి,
"ఇది మునేరుది, గరుకు" అన్నాడు.
ఇంకోసారి మునిగి,
"ఇది పెద్ద ఏటిది. జిగట. పట్టుకుంటే వదల్దు."
సంచుల మీద నంబర్లు వెయ్యాలి నిజానికి.
గరుకు, జిగట అని రాసేశాను.

(తర్వాత మిషనూ అదే చెప్పింది,
దశాంశం తర్వాత నాలుగో స్థానంలో.
నాలుగు కోట్ల మిషను.)

ఒడ్డుకొస్తుంటే అడిగాడు:
"ఆ సముద్రం అడుగున
మన డ్యాములు కనబడతయ్యా?"
లేదన్నాను. అక్కడ గోరు మందం మట్టి పేరుకోవాలంటే
కొన్ని తరాలు పట్టుద్ది.
సాగరూ శ్రీశైలమూ ఆ అడుక్కి ఇంకా దిగలేదు.
ఎప్పటికో ఒక సన్నటి చార,
కృష్ణ అంకె పల్చబడిన చోట.

తెడ్డు ఆపాడు.
"అంటే, మనం రావడం తగ్గిందని
అక్కడికింకా తెలవదన్నమాట."

గేట్ల మీంచి నీళ్ళ మోత.
కట్ట మీద ఇసుక లారీలు, పట్టా కింద నుంచి
కారుకుంటూ పోతున్నాయి.
ఆ మాట రిపోర్టులో ఏ పేజీలో పెట్టాలో
నాకిప్పటికీ తెలియదు.

ప్రతి విడతలో ఒక ఖాళీ గిన్నె పెడతాం.
దాన్లో మట్టి వెయ్యం. వట్టి ఆమ్లం.
అవే చేతులు, అవే మెట్లు.
ఏమీ రాకూడదు దాన్లోంచి.
బ్లాంకు అంటాం.

ఆ రోజు వచ్చింది.
నానోగ్రాముల్లో, కానీ వచ్చింది.
"గాలిదా? నీళ్ళదా?" అన్నారు శేషారత్నం మేడమ్.
నేను అంకె చూశాను.
జిగట.

గ్లవ్ విప్పితే
ఉంగరపు వేలి దగ్గర సూదిమొనంత చిల్లు.
ముత్యం కింద గూట్లో
నల్లటి మట్టి, ఎండిపోయి.

విడత మొత్తం పారబొయ్యమన్నారు.
పారబోశాను.
ఉంగరం శుభ్రంగా కడుక్కు రమ్మన్నారు.
సరే అన్నాను.

ఇంకా కడగలేదు.