గజంబద్ద

నయీంనగర్ గదిల రాత్రి పదకొండు.
మూటల నుంచి ఒక్క ఫైలు తీసేస్తున్న.

రెండు కంప్యూటర్లు ఎట్ల పలకరించుకోవాల్నో
వెంట్రుకవాసి తప్పకుంట రాసిన ప్రమాణ పత్రం.
చదువుకోవచ్చట, పంచుకోవచ్చట,
ఒక్క అక్షరం దిద్దొద్దట.

మేం కట్టే మూట పేరేమో స్వేచ్ఛ.
దిద్దొద్దన్నది దాంట్ల ఇమడది.

పొద్దున కొత్తవాడల
మొండయ్య మామను అడిగిన:
నీ గజంబద్దను ఎవరన్న కోసుకుంటనంటే?
మగ్గం ఆపలే.
"బద్ద కోస్తే బజారంత ఆగమైతది బిడ్డా.
జంపఖానా మీది నెమలినైతే
బాతును చేసుకోమను, నాకేంది."

అదీ నిజమే.
కాని మామా,
నీ బద్దను చూసి ఇంకో బద్ద చెక్కి,
దానికి వేరే పేరు పెట్టి,
పక్కపొంటి తన ఊరి జానెలు గూడ గీసుకుంటే?

నూలు కొరికి ఉమ్మిండు.
ఏం చెప్పలే.

ఇగ ప్రోగ్రాం పోతది,
దాని తొవ్వ చెప్పే కాగితం
ఈడనే ఉంటది.

ఖాళీ అయిన జాగల ఒక చిట్టి పెట్టిన:
"ఇక్కడ ఉండాల్సింది ఫలాన తావుల దొరుకుతది,
మేం ఇయ్యలేకపోతున్నం."

దాని కింద, అలవాటుగ,
ఇంకో వరుస:
"ఈ చిట్టిని ఎవరన్న దిద్దుకోవచ్చు."