బురదకి ఎముకలుంటాయా

పిరాన్ దగ్గర ఉప్పుకొటార్ల కాలువలోకి
మోకాళ్ల దాకా దిగాను.
గొట్టం గుచ్చి పైకి లాగితే
పైన రెండు వేళ్ల మందం గోధుమరంగు,
కిందంతా నలుపు, కుళ్లిన గుడ్ల వాసన.
వెంటనే మూత బిగించాలి,
మన గాలే దానికి విషం.

గట్టు మీద నాన్న.
నలభై ఏళ్లు ఉప్పు లాగిన మనిషి,
చెక్కపార లేకుండా ఎలా నిలబడాలో తెలియక
కుడిచెయ్యి జేబులో దాచుకున్నాడు.
పోయిన చలికాలం నుంచి
అది సగమే మూసుకుంటుంది.

"ఏం తవ్వుతున్నావే, తింకరా?"
"పూర్వీకుల్ని."
"మా నాన్న గ్రాడో నుంచి పడవలో వచ్చాడు," అన్నాడు,
"బురదలోంచి కాదు.
అయినా బురదకి ఎముకలుంటాయా?"

చీకటి గదిలో ఇరవై సీసాలు పేర్చాను.
తర్వాత ఏమీ జరగలేదు.
ఏమీ జరగకపోవడం కూడా
ఇన్ని నెలలు జరగగలదని అప్పుడే తెలిసింది.
పిండి పులవడానికి ఒక రాత్రి చాలు.
ఇవి ఒకటి రెండవడానికి పక్షం,
అదీ మనసు కుదిరితే.
మా లాబ్‌లో గొరాజ్ద్ పెళ్లి చేసుకున్నాడు, విడిపోయాడు,
మీసం పెంచాడు, తీసేశాడు.
ఏడో సీసాలో నీళ్లు
కాస్త మసకబారాయి.

ఆ మసకని మంచులో బిగించి
రైల్లో వియన్నా పంపాం.
తిరిగొచ్చిన బొమ్మలో
ఆవగింజకి కలలో కూడా రానంత చిన్న ఒళ్లు,
దాన్నుంచి ఎటు పడితే అటు చేతులు:
కొన్ని లావు, కొన్ని సన్నం, కొన్ని మధ్యలో ఉబ్బి,
ఒకటి మాత్రం తనకే దారి తప్పినట్టు వెనక్కి తిరిగి.
ప్రతి చేతిలోనూ
గుడారంలో నిట్రాడలాగా
రెండు పోగులు మెలేసిన తాడు.

ఈ పోగు పోగుగా పుట్టలేదంటారు.
మొదట అదొక చిన్న నోరు కావచ్చు.
దొరికినదాన్ని రెండు పెదాల మధ్య పట్టి
ఒక నిప్పురవ్వ అంటించి వదిలేసేది.
దాని చుట్టాలు ఇప్పటికీ నా ఒంట్లో
పొద్దుటి కాఫీలోని చక్కెరకి అదే పని చేస్తున్నాయి.
ఎప్పుడో, ఎక్కడో, ఒక నోరు
పక్కనున్నదాని వీపుకి ఆనుకుని
వదలడం మర్చిపోయింది.
దాని వీపుకి ఇంకొకటి.
ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు.
చూసినట్టు చెప్పడం నాకు అలవాటైపోయింది, అంతే.

దూరపు దాయాదులు బాక్టీరియాలు
ఇలాంటి పోగునే మేస్త్రీగా పెట్టుకుని
చుట్టూ గోడ కట్టించుకున్నాయి.
ఇది కట్టుకోలేదు.
గట్టి గోడ లేనివాళ్లకే కదా
చెయ్యి చాపడం కుదిరేది.
అలా చాపిన చేతుల మధ్య
ఒక పొరుగు ప్రాణి చిక్కుకుందేమో,
మింగిందో, కావలించుకుందో,
రెండు వందల కోట్ల ఏళ్ల కిందటి గొడవకి
ఇప్పుడు సాక్షి ఎవరు?
పొరుగు మాత్రం ఇంకా వెళ్లిపోలేదు.
మన ఒక్కో కణంలో పొయ్యి రాజేస్తూ కూర్చుంది.

ఆదివారం ఆ బొమ్మ నాన్నకి చూపించాను.
డాక్టరిచ్చిన రబ్బరు బంతి పక్కన పెట్టి
కళ్లజోడు సవరించుకున్నాడు.
"పీతని రాయితో కొట్టినట్టుంది," అన్నాడు.
కాసేపాగి, "పట్టున్న చేతులే," అన్నాడు.

ఎముకలు కావు నాన్నా, పోగులు.
నీ కండలో ఉన్నవీ వీటి సంతతే.
పెద్దగా మారలేదు, మార్చుకునే అవసరం రాలేదు.
నీ చేతిలో పోగులు బాగానే ఉన్నాయి,
తలలోంచి కబురే అందడం లేదు.

ఇదంతా నేను చెప్పలేదు.
బోరా గాలికి కిటికీ రెక్క కొట్టుకుంటోంది, లేచి వేశాను.
వెనకనుంచి అడిగాడు:
"ఎన్నాళ్లకి ఒకటి రెండవుతుందన్నావు?"
"పక్షం. ఒక్కోసారి నెల."
"అయితే తొందరేం లేదు," అని
బంతి మళ్లీ అందుకున్నాడు.