ముడతల లెక్క

డిసెంబర్ ఇరవై, పొద్దుగాల ఆరు.
సాగర్ రోడ్డు మీద ఊకపొగా మంచూ
ఒకదాన్నొకటి కప్పుకొని పండుకున్నయి.
రైసుమిల్లు సైరన్ కూసేలోపు
బొగ్గులు రాజేసి పెట్టిన.
ఈ సలిల, మిర్యాలగూడ మొత్తంల
వెచ్చగున్న చెయ్యి నాదొక్కటే.

పళ్ళ డాక్టరమ్మ స్కూటీ దిగింది.
మంకీ క్యాపు, దాని మీంచి చున్నీ,
రెండు చేతుల్ల రెండు సంచులు.
"సైదమ్మా, రేపటికల్ల కావాలె.
సింగపూరు, కౌలాలంపూరు, ఆడికెల్లి ఫుకెట్.
అక్కడంత ఎండలేనట."

సంచి ఇప్పితే
బల్ల మీద ఎండ పడ్డట్టయింది.
నిమ్మపండు రంగు గౌను.
మోకాళ్ళ దాకొచ్చి ఆగిపోయిన లాగులు.
వీపు సగం కుట్టి
దర్జీ నిద్రపోయినట్టున్న రవిక.
చిలకలు వాలిన చొక్కా ఒకటి, వాళ్ళ సారుది.
ట్రెజరీ ఆఫీసుల చేస్తడు,
బూడిద రంగు తప్ప ఎన్నడు తొడిగినోడు కాదు.

అన్నిటి మీద నీళ్ళు చిలకరించి రుద్దిన.
ఒక అంగీ కాడ చెయ్యి ఆగింది.
తవుడు రంగు. ఇటు అణిస్తే అటు లేస్తది,
పంతం పట్టిన పోరి లెక్క.
ఫోన్ చేసిన.
"అది లినెన్, సైదమ్మా. నాలుగు వేలు.
నలిగితేనే అందం. ఇడిసిపెట్టు."

ముప్పై ఒక్కేండ్ల సంది
ఈ ఊరి ముడతల మీదనే నా బువ్వ.
పెండ్లిచూపుల అంగీలు, ఎలక్షన్ ఖద్దరు,
ఎస్సై సారు ప్యాంటు,
గీత జరిగితే గుడ్లెర్రజేస్తడు.
నలగొద్దనే కదా పైసలిచ్చేది!
నలిగినందుకు నాలుగు వేలట.
నవ్వాగక ఇస్త్రీపెట్టె పక్కకు పెట్టిన.

జనవరి ఐదు. బట్టలు తిరిగొచ్చినయి.

ఫోన్ల చూపెట్టే ఫొటోలు వేరు,
జేబులు చెప్పే ముచ్చట వేరు.

సింగపూరుల ఏసీ ఎక్కువేమో,
మనూరి సలికి కొన్న స్వెట్టరే
ఆ ఎండల దేశంల చంకలు నలిగింది.
కౌలాలంపూరుల వాన దొరకబట్టింది.
చిలకల చొక్కాకు కాలరు దాక మరక,
రెండు చిలకలు రంగు కారి ఒకటైనయి.
ఏందో కొబ్బరిపాల కూర మరక,
దాని పక్కనే మామిడికాయ తొక్కు మరక.
సీసా ఇక్కడికెల్లే మోసుకపోయిండ్రు, నాకు తెల్వదా.

లాగు జేబుల మెత్తబడ్డ చీటీ.
జిరాక్సు దుకాణం రుబీనా చదివింది.
"పడవ టికెట్టు అక్కా. ఇద్దరిది.
ఒక్కటే చింపిండ్రు."

గౌను అంచుకు మోకాలెత్తు ఉప్పు గీత.
లినెన్ అంగీకి ఉప్పు లేదు.
వీపు మీద కుర్చీ పట్టీల ముడతలు,
గంటల తరబడి కూసున్నట్టు.
ఎడమ చెయ్యి మీద మాత్రం
ఐదు వేళ్ళు బిగ్గరగ పట్టిన ముడత.
పోదాం రమ్మని పట్టుకున్నదో,
పోనియ్యనని పట్టుకున్నదో,
బట్టకు అంత వరకే తెలుసు.

జేబు తిరగేస్తే చిటికెడు ఇసుక రాలింది.
వాడపల్లి కాడ మన మూసీ ఇసుక
గోనెసంచి రంగుంటది.
ఇది పిండి లెక్క తెల్లగున్నది.
వేలితో అద్ది నాలిక మీద పెట్టుకున్న.
అంతే.

పొద్దుమూకినంక డాక్టరమ్మొచ్చింది.
ముక్కు తోలు లేసింది, నడక నెమ్మదిగున్నది.
"ఇదొక్కటి చెయ్యలేదేం?"
"నలిగితేనే అందమంటివి గదమ్మా."
ఆ చేతి కాడ చూసింది. ఏమనలే.
వంద నోటిచ్చింది.
చిల్లర లేదన్న, ఉన్నా.

స్కూటీ మలుపు తిరిగింది.
బల్ల దులపలే నేను.
మీద ఎస్సై ప్యాంటు పరిచి రుద్దితే
కింద ఇసుక గరగరమన్నది.
గీత జరంత వంకర పోయింది.
పోనీ.