కొసరు

నా ప్రతిపాదన మీద వాండెరా సార్ ఎర్ర సిరాతో రాశారు:
"విషయం మరీ పెద్దది. ఒక్క ప్రశ్న అడుగు. చిన్నది."
అందుకే ఒక డబ్బాని అడిగాను.

కిసుము. కిబూయె సంత. ఆదివారం పొద్దు.
వలల మీద ఎండి వచ్చిన ఒమేనా,
చిటికెన వేలంతైనా లేని చేపలు
గోనె మీద వెండి పొట్టు రాలుస్తూ.
మూడేళ్ళుగా డబ్బాకి అదే ధర.
సరస్సులో చేప పలచబడింది, పడవల్లో పెట్రోలు మండింది,
ధర మాత్రం గుంజకి కట్టిన మేకలా అక్కడే.
ఎందుకు?
ఇదీ నా పరిశోధన. ఇరవై నాలుగు పేజీలు మించకూడదు.

ఇరవై మంది అమ్మేవాళ్ళు, పన్నెండు ప్రశ్నలు.
పదకొండింటికి నవ్వే జవాబు.
ఒకామె నా పెన్ను అడిగి తీసుకుని
వీపు గోక్కుని తిరిగిచ్చింది.
నువ్వు పన్నుల ఆఫీసు పిల్లవా అని
అందరూ ఒకేసారి అడగలేదు గానీ
అందరూ అడిగారు.

పేర్లు రాయనని మాటిచ్చాను,
కనుక ఆమె ఏడో నంబరు.
మూడో వారం పీట జరిపి కూర్చోమంది.
ఐదో వారం డబ్బా తిరగేసి చూపించింది.
అడుగు లోపలికి సొట్టపోయి
బోర్లించిన చిప్పలా ఉంది.
"ధర పెంచితే జనం పోతారు.
అందుకని సుత్తి దించాను."

దీపాలు పెట్టే వేళ నీళ్ళ సీసా పట్టుకుని
డబ్బా డబ్బా కొలిచాను.
పదహారింటికి సొట్ట. నూటికి పద్నాలుగు పాళ్ళ లోటు.
గ్రాఫు గీశాను: ధర గీత బల్లపరుపు,
డబ్బా గీత మెట్లు దిగుతూ.
ముసాయిదా రెండు రాత్రుల్లో అయిపోయింది.
"కొనేవారు గమనించరు" అని ముగింపు.
రాసేటప్పుడు ఎంత తెలివైన వాక్యమో!

మార్జిన్‌లో మళ్ళీ ఎర్ర సిరా:
"కొనేవారిని అడిగావా?"

అడగలేదు. వెళ్ళాను.
చంటిదాన్ని వీపున కట్టుకున్న మనిషి విరగబడి నవ్వింది.
"సొట్టా? తెలియకేం!
ఆ సుత్తి మా ఇంటిదే. అరువిచ్చింది నేనే."

అప్పుడు చూశాను, నెలన్నరగా ఎదురుగా ఉన్నదాన్ని.
డబ్బా తలగొట్టి సంచిలో పోశాక
ఏడో నంబరు చెయ్యి మళ్ళీ కుప్పలోకి వెళుతుంది.
వాళ్ళు న్యోంగెజా అంటారు. కొసరు.
హోటల్ వంటవాడికి ఏమీ లేదు.
మోటార్ సైకిలు కుర్రాడికి మూడు వేళ్ళకి వచ్చినన్ని.
చంటిదాని తల్లికి రెండు పిడికిళ్ళు,
చేపల ఫ్యాక్టరీ గేటుకి తాళం పడిన నెల నుంచీ.
సుత్తి అందరి దగ్గరా తీసుకుంది.
పిడికిలి మొహం చూసి ఇచ్చింది.

ఎంత? ఎవరికెంత?
మర్నాడు చిన్న త్రాసు కొనుక్కొచ్చాను.

పిడికిలి గాలిలో ఆగింది.
"తూస్తే అది ఇచ్చినట్టు కాదమ్మా, అమ్మినట్టు."
ఆ పూట నుంచి అందరికీ ఒకటే పిడికిలి,
వంటవాడికీ, కుర్రాడికీ, చంటిదాని తల్లికీ.
నా పట్టిక చక్కగా నిండింది,
అంకెలన్నీ అక్కచెల్లెళ్ళలా ఒకే పోలిక.
వారం పాటు ఆ తల్లికి
వచ్చిన ప్రతిసారీ ఒక పిడికెడు తగ్గింది, నా మూలంగా.
ఈ సంగతి ఏ అనుబంధంలోనూ లేదు.

"పరిమితులు" అనే అధ్యాయానికి అరపేజీ ఇస్తారు.
పదకొండుసార్లు కొట్టేసి ఒక్క ముక్క ఉంచాను:
పరిశోధకురాలి త్రాసు వల్ల కొలత మారింది.
ఆ వాక్యం కింద సార్ గీత గీశారు.
మెచ్చుకోలో, తప్పో, ఇప్పటికీ తెలీదు.
మార్కులు అరవై ఎనిమిది.

నిన్న ఆదివారం సంచి పట్టుకుని
కొనడానికే వెళ్ళాను.
తలగొట్టి కొలిచింది. పోసింది.
చెయ్యి కుప్ప మీద పెట్టి
ఒక్కసారి
నా చేతులకేసి చూసింది.